పారిజాతం ఎక్కడ నాటాలి, ఎలా పెంచాలి

పారిజాతం మొక్క కొనేముందు పెరట్లోకి వెళ్లి, పూలు ఎక్కడ రాలితే మీకు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందో చూసుకోండి. పొద్దుగూకాక విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోయే పువ్వు ఇది. మామూలుగా కింద పడ్డ పూలు దేవుడికి పెట్టం, పారిజాతానికి మాత్రం ఆ పట్టింపు లేదు, అందుకే చెట్టు కింద చెప్పులతో తిరిగే దారి, మురికి కాలువ ఉండకూడదు. సత్యభామ పెరట్లో నాటితే పూలన్నీ రుక్మిణి వాకిట్లో రాలాయన్న కథ మనకు తెలిసిందే కదా, గోడకు ఆనించి నాటితే మీకూ అదే జరుగుతుంది. గోడకి కనీసం ఆరేడు అడుగుల దూరం ఉంచండి.

మరీ పెద్దదైపోతుందేమోనని భయం వద్దు. ఉత్తరప్రదేశ్‌లోని కింటూర్‌లో పారిజాతమని పూజించే మహావృక్షం వేరే జాతి, అది బావోబాబ్. మనది అడపాదడపా కత్తిరిస్తుంటే పది పన్నెండు అడుగుల్లో ఉండిపోతుంది.

తొలకరి పడ్డాక నాటడం మేలు. రెండడుగుల గుంత తీసి, తవ్విన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి పూడ్చండి. దీనికి పడనిది ఒక్కటే, నీళ్లు నిలవడం. నల్లరేగడి అయితే ఇసుక కూడా కలిపి, మొదలు కాస్త ఎత్తుగా ఉండేలా మట్టి ఎగదోయండి. రోజుకి ఐదారు గంటల ఎండ తగిలితే చాలు, పూర్తి నీడలో పెడితే ఆకులే తప్ప పూలు పెద్దగా రావు. కుండీలోనూ పెరుగుతుంది, కాకపోతే 18 అంగుళాలకి తగ్గొద్దు.

విత్తనంతో పెంచాలంటే గోధుమరంగుకి తిరిగి ఎండిన బిళ్లల్లాంటి కాయలు ఏరండి, ఒక్కోదాంట్లో రెండు గింజలుంటాయి. తాజావి వేస్తేనే బాగా మొలుస్తాయి. పూలకి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

ఎండాకాలంలో ఆకులు రాల్చేసి మోడులా కనబడుతుంది, చచ్చిపోయిందని టెన్షన్ పడి పీకేయకండి! కొమ్మని గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, వానలకి చిగురిస్తుంది. వానాకాలంలో గొంగళి పురుగులు పడితే చేత్తో ముట్టుకోకుండా పుల్లతో తీసేసి, లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

కత్తిరింపు అసలు మానొద్దు. పూలు కొత్త చిగుళ్ల చివర్లోనే వస్తాయి కాబట్టి, పూత అయిపోయాక, జనవరి ఫిబ్రవరిల్లో, కొమ్మల్ని మూడోవంతు తీసేయండి.

పూలకాలంలో రాత్రి పడుకునేముందు చెట్టు కింద పాత నూలు చీర పరవండి, పొద్దున్నే మట్టి అంటని పూలు దొరుకుతాయి. వాడిపోయిన వాటినీ పారేయకండి, ఆ నారింజరంగు కాడలు తుంచి నీడన ఎండబెట్టుకుంటే, వేడినీళ్లలో వేసి పట్టుగుడ్డకి రంగు వేసుకోవచ్చు.