బోరు నీళ్లు: శాంపిల్ పట్టడం దగ్గర్నుంచి క్లోరిన్ వేయడం దాకా

బెంగళూరులో కె.ఆర్. పురం వైపు గానీ మారతహళ్లి వైపు గానీ సొంత బోరున్న ఇళ్లలో టీడీఎస్ మీటరు ముంచి, అంకె తక్కువుంటే నీళ్లు మంచివేనని తాగేస్తారు. ఆ మీటరు కరిగిన ఉప్పుల మొత్తాన్ని మాత్రమే చెబుతుంది. మురుగు కలిసిందేమో దానికి తెలియదు. ఇక్కడ నీళ్లుండేది రాతి పగుళ్లలో. మట్టిలోంచి మెల్లగా ఇంకితే కొంత వడకట్టుకుంటుంది, పగుళ్లలో ఆ అవకాశం తక్కువ. అందుకే సోక్ పిట్ (మురుగునీరు ఇంకే గుంట) 15 మీటర్ల దూరంలో ఉందని ధీమాగా ఉండకండి, 30 ఉంటే మేలు.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో ఏడాదికోసారి, వానలు పడ్డాక, ఈ.కోలై (మలం కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియా), నైట్రేట్, ఫ్లోరైడ్, హార్డ్‌నెస్, టీడీఎస్ చూపించండి.

శాంపిల్ సంపులోంచి కాదు, ట్యాంకుకు ముందు బోరు పైపు నుంచి పట్టాలి. మోటారు 10 నిమిషాలు నడవనివ్వండి. కుళాయి లోహానిదైతే మూతిని మంటతో కాల్చండి, ప్లాస్టిక్‌దైతే స్పిరిట్‌తో తుడవండి. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసానే వాడాలి, దాన్ని కడగకూడదు. మూత తీసి కింద పెట్టొద్దు. లోపలి వైపు వేలు తగలకుండా చేతిలోనే పట్టుకుని, పైన రెండు వేళ్ల మేర ఖాళీ ఉంచి నింపండి. ఐస్‌లో పెట్టి 6 గంటల్లోపు ఇచ్చేయండి. రసాయన పరీక్ష సీసాను మాత్రం అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి పట్టాలి.

తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు. నైట్రేట్ 45, దీనికి సడలింపు లేదు. రిపోర్టులో 'నైట్రేట్ యాజ్ ఎన్' అని (అంటే అందులోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కించి) ఉంటే హద్దు సుమారు 10. ఈ ఒక్క మాట చూడక ప్రమాదాన్ని మంచి నీళ్లనుకునేవాళ్లున్నారు. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లు పసిపిల్లల పాలపొడిలో కలపనే కూడదు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్ఓ తగ్గిస్తుంది.

ఈ.కోలై వంద మిల్లీలీటర్లలో అసలు ఉండకూడదు. ఉంటే ముందు బోరు దగ్గరికెళ్లి చూడండి. చాలాచోట్ల కేసింగ్ (బోరులోకి దించిన బయటి పైపు) నోట్లో ప్లాస్టిక్ కవరు కుక్కి ఉంటుంది, చుట్టూ గిన్నెలు తోమిన నీళ్లు నిలిచి ఉంటాయి. కేసింగ్ నేలకు అడుగు ఎత్తున ఉండాలి, గట్టి క్యాప్ బిగించాలి, చుట్టూ బయటికి వాలుగా సిమెంటు గట్టు కట్టాలి. వాన నీళ్లను ఫిల్టరు లేకుండా నేరుగా బోరులోకి వదలడం కూడా ఇలాంటి పొరపాటే.

ఇవి సరిచేశాకే క్లోరిన్. ఆరున్నర అంగుళాల బోరులో 100 అడుగుల నీటికి తాజా బ్లీచింగ్ పౌడర్ సుమారు 100 గ్రాములు పడుతుంది. బోరు లోతులోంచి నీటిమట్టం లోతు తీసేసి లెక్కించండి. చేతికి గ్లౌజులు వేసుకుని బకెట్టులో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేటే పోయండి. కుళాయిల్లో వాసన వచ్చేదాకా మోటారు నడిపి, 12 గంటలు ఆపండి. ఆ వ్యవధిలో ఎవరూ తాగకూడదు. తర్వాత వాసన పోయేదాకా తోడి పారబోయండి, సెప్టిక్ ట్యాంకులోకి, మొక్కల్లోకి వద్దు. వారం ఆగి, క్లోరిన్ జాడ లేదని తేలాక, అదే పైపు నుంచి మళ్లీ ఈ.కోలై శాంపిల్ ఇవ్వండి.