మోదుగాకు విస్తరి కుట్టడం ఎలా? (చారు ఒళ్లోకి కారకుండా)

విస్తరికి కావలసినవి రెండే: మోదుగాకులు, సన్నటి పుల్లలు. పుల్లలకు కొబ్బరి ఈనెల కొసలు బాగుంటాయి. కొత్త చీపురు పుల్లలైనా ఫరవాలేదు. స్టాప్లర్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఈమధ్య ఒక వ్రతంలో పిన్నులు కొట్టిన విస్తరి నా ముందు పరిచారు. పప్పన్నంలో పిన్ను కంటబడింది కాబట్టి సరిపోయింది. పడకపోయి ఉంటే?

మోదుగకు ఒక్కో కాడకు మూడేసి ఆకులు. నడిమిది పెద్దగా ఉంటుంది, పక్కవి రెండూ ఓ వైపుకు ఒరిగినట్టు ఉంటాయి. కోసేటప్పుడే నడిమాకులు వేరుగా పెట్టుకోండి. కొమ్మలు విరవొద్దు, ఆకు గిల్లితే చాలు. హోలీ రంగుకు పూలు, హోమానికి సమిధలు, ఒడుగులో వటువు చేతికిచ్చే దండం, అన్నీ ఈ చెట్టు నుంచే రావాలి మరి. పూలు రాలాక వచ్చిన చిగురు ముదిరి, పట్టుకుంటే తోలులా తగిలినప్పుడు కోయాలి. లేతాకు ఎండితే ముడుచుకుపోతుంది. పురుగు తిన్నది, చిల్లి పడ్డది అక్కడే వదిలేయండి.

కడిగి, తడి ఆరాక ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన బరువు పెట్టి నీడలో ఆరనివ్వండి. ఆ రోజే తినేటట్టయితే పచ్చాకుతోనే కుట్టొచ్చు. ఎండినాకు మీద ముందురోజు రాత్రి నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టిపెడితే తెల్లారేసరికి పదునుకొస్తుంది. మడిచి వదిలితే విరగకుండా విచ్చుకోవాలి. విరిగితే ఇంకో గంట ఆగండి.

పేర్చడం తేలికే. అన్నిటికంటే పెద్దాకు మధ్యలో పెట్టి, చుట్టూ ఆరో ఏడో ఆకులు, తొడిమ వైపు లోపలికి, వెడల్పాటి కొస బయటికి వచ్చేలా. నున్నటి వైపు పైకి ఉండాలి, నూగు ఉన్న వైపు నేలకు. చుట్టాకులు నడిమాకు కిందికి రెండు వేళ్లంత దూరాలి. పెంకుటింటి కప్పు చూడండి, పై పెంకు అంచు కింది పెంకు మీదికి వస్తుంది కాబట్టే నీళ్లు లోపలికి దిగవు. విస్తరిలో నడిమాకే పై పెంకు. కొందరు చుట్టాకులను పైన వేస్తారు, పువ్వులా ఉంటుందని. చారు పోశాక తెలుస్తుంది ఆ పువ్వు సంగతి.

ఇక కుట్టు. నూటికి తొంభై విస్తళ్లు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

రెండాకులు కలిసిన చోటును ఎడమచేత్తో నొక్కిపట్టి, పుల్లను కింది నుంచి పైకి గుచ్చాలి. బియ్యపు గింజంత దూరం పైన నడిపి మళ్లీ కిందికి దించాలి. అప్పుడు పుల్ల రెండు కొసలూ నేల వైపే ఉంటాయి. చాలామంది పైనుంచి గుచ్చి పైకే తీస్తారు, చేతికి వీలుగా ఉంటుందని. అలా కుడితే కొసలు తినేవాడి వైపు లేస్తాయి. అన్నం కలుపుతుంటే వేలికి గుచ్చుకోవడం ఒక ఎత్తు, విరిగిన ముక్క పిల్లల గొంతులోకి పోవడం ఇంకో ఎత్తు. మా అవ్వ కుట్టిన విస్తరి మీద అరచేత్తో రాసి చూసేది. ఏదైనా తగిలిందా, కుట్టంతా విప్పించేది.

ఎక్కడ గుచ్చాలన్నది రెండో సంగతి. ఆకులో పక్క ఈనెలు కనిపిస్తాయి కదా, ఒక ఈనెను మధ్యలో ఉంచి, దానికి ఇటు గుచ్చి అటు దించండి. ఈనె కుట్టును పట్టుకుంటుంది. ఈనె వెంబడే గుచ్చితే ఆకు గుడ్డ చీలినట్టు చీలుతుంది. ఈనెలోనే గుచ్చితే పగులుతుంది. గురి తప్పితే అదే చిల్లులో మళ్లీ గుచ్చొద్దు, అర అంగుళం పక్కకు జరగండి.

మిగిలిన పుల్లను విరిచేటప్పుడు లాగొద్దు. కుట్టు మీద బొటనవేలు నొక్కిపెట్టి, పుల్లను పక్కకు వంచి తుంచాలి. లాగి విరిస్తే అంతసేపు పడ్డ కష్టమంతా ఆ ఒక్క గుంజుతో చిరిగిపోతుంది. నడిమాకుకు ఒక్కో చుట్టాకును ఒక కుట్టు, పక్కపక్క ఆకులను రెండేసి కుట్లు. నడిమాకు మధ్యలో అసలు కుట్టే వద్దు, చారు నిలిచేది అక్కడే.

బజార్లో యంత్రం మీద అచ్చు వేసిన ఆకు ప్లేట్లు దొరుకుతున్నాయి కదా అంటారు. ప్లాస్టిక్ ప్లేట్లను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు, వాటి బదులు ఇవి రావడం మంచిదే. అయితే కొన్నిటికి ఆకు కింద అట్ట, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటాయి. కొనేముందు ఒకటి చించి చూడండి. అరిటాకు అందమే, కాదనను. కానీ చారు పోస్తే ఎటు పరుగెత్తుతుందో దానికే తెలియదు.

చివరగా, ప్రతి కట్టలోంచి ఒక విస్తరి తీసి, నేలమీద పాత పేపరు పరిచి, దానిమీద పెట్టి మధ్యలో అరగ్లాసు నీళ్లు పోయండి. పది నిమిషాల తర్వాత ఎత్తి చూడండి. పేపరు తడిస్తే, కారిన చోట లోపలి వైపు చిన్నాకు ఒకటి మాటు వేసి, చారు నిలవని చోట కుట్టండి. తడి పూర్తిగా ఆరాకే కట్టలు కట్టండి. తడితో కడితే వారానికే బూజు పడుతుంది, ఇక ఆ కట్ట దిబ్బకే.