బంక కారే చెట్టు: మందుల దుకాణానికి వచ్చే ముందు చూడాల్సినవి

నర్సంపేటలో పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. ఎండాకాలం చివర్లో, మళ్లీ వానలు తగ్గాక, కౌంటర్ దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఒకటే. "అన్నా, మామిడి చెట్టుకు బంక కారుతాంది, ఏం కొట్టాలె?" అని ఫోన్‌లో ఫొటో చూపిస్తారు. ఫొటో నిండా బంకే. చెట్టు మొదలు ఉండదు, కింద నేల ఉండదు, పక్కన నీళ్లు నిలిచిన వరి మడి అసలే ఉండదు.

మందులు అమ్మి బతికేవాణ్ని అయినా ఈ మాట చెబుతాను. ఎక్కడో దెబ్బ తగిలితే, పురుగు తొలిస్తే, శిలీంధ్రం చేరితే ఆ చోటును మూసేయడానికి చెట్టు బంక వదులుతుంది. ఆ దెబ్బ ఏమిటో తెలుసుకోకుండా బంక మీద మందు కొడితే మీ డబ్బు నా గల్లాపెట్టెలోకి వస్తుంది, చెట్టు ఎక్కడిదక్కడే ఉంటుంది.

చెట్టుకు కారే ప్రతిదానికీ భయపడక్కర్లేదు. వేప, తుమ్మ చెట్లకు గాయమైతే బంక రావడం మామూలే. ఆదిలాబాద్, ములుగు అడవుల్లో తపసి చెట్టుకు గాటు పెట్టి మరీ బంక తీస్తారు. సపోటా, పనస, బొప్పాయి కోస్తే పాలు కారతాయి, అదీ రోగం కాదు. మామిడికాయ తొడిమ విరిగితే వచ్చే సొన వేరే సంగతి. అది కాయ తోలు మీద పడితే నల్ల మచ్చలు పడతాయి, మనిషి చర్మం మీద పడితే పొక్కుతుంది. కాయకు అంగుళం తొడిమ ఉంచి కోయాలి. కాయ మీద సూదితో పొడిచినట్టున్న చోట నుంచి చిన్న చుక్క కారి గట్టిపడితే పండు ఈగ పని అయ్యుండొచ్చు, దానికి మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టాలి. ఈ వ్యాసం మానుకు, కొమ్మలకు కారే బంక గురించి.

ముందు చూపు, తర్వాత కత్తి

పొద్దున వెలుతురు బాగా ఉన్నప్పుడు వెళ్లండి. చేతిలో చిన్న కత్తి, ఖుర్పి ఉంటే చాలు. బంక ఎంత ఎత్తులో ఉందో మొదట చూడండి. నేలకు దగ్గరగా జానెడు, మూరెడు లోపల ఉంటే అనుమానం నీటి మీద, వేరు మీద. మాను మధ్యలో ఒకే చోట ముద్దగా ఉంటే పురుగు మీద. పైకొమ్మల్లో అక్కడక్కడా చుక్కలుగా ఉండి, చివర్లు ఎండుతుంటే ఎండుకొమ్మ తెగులు మీద. ఒకే దిక్కున, అదీ పొలం గట్టు వైపే ఉంటే నిప్పు సెగ మీద.

తర్వాత బంకను వేళ్ల మధ్య నలిపి చూడండి. తాజా బంక తేనె రంగులో తేటగా ఉంటుంది, పాతబడితే నల్లగా గట్టిపడుతుంది. నలిపినప్పుడు రంపపు పొట్టులాంటిది గరగరా తగిలితే లోపల పురుగు ఉన్నట్టే. ఏమీ తగలకపోతే బంక పక్కన బెరడును గోటి మందాన గీకండి. లోపల పచ్చగా, తెల్లగా తడిగా ఉంటే ఆ చోటు బతికే ఉంది. కాఫీ పొడి రంగులోకి మారి పుల్లటి వాసన వస్తే అక్కడ బెరడు చచ్చింది. ఆ గోధుమ రంగు ఎంతవరకు పాకిందో అటూ ఇటూ కొద్దికొద్దిగా గీకి తెలుసుకోవాలి. బయటికి రూపాయి బిళ్లంత కనిపించేది లోపల అరచేయంత ఉండొచ్చు.

బత్తాయి, నిమ్మ విషయంలో ఒక మోసం ఉంది. ఆ బంక నీటిలో కరుగుతుంది. గట్టి వాన పడితే కడుక్కుపోతుంది, రైతు తగ్గిందనుకుంటాడు. వానాకాలంలో బంక కోసం కాదు, బెరడు మీద తడి మరకలు, నెర్రెల కోసం చూడాలి.

మొదట్లో బంక: నీళ్ల లెక్క

బత్తాయి, నిమ్మ చెట్లకు మొదట్లో బంక వస్తే చాలావరకు కారణం ఫైటోఫ్తోరా అనే తెగులు సూక్ష్మజీవి. నేలలో ఉండి, నీళ్లు నిలిచినప్పుడు ఆ నీటిలోనే ఈదుకుంటూ వచ్చి బెరడుకు అంటుకుంటుంది. అందుకే మందు కన్నా ముందు నీటి దారి మార్చాలి.

ఖుర్పితో మొదలు చుట్టూ మట్టిని మెల్లగా తీసి, అంటు కట్టిన చోటు ఎక్కడుందో చూడండి. అది నేల నుంచి కనీసం జానెడు పైన ఉండాలి. చాలా తోటల్లో దున్నకంలో మట్టి ఎగదోసి, పేడ ఎరువు మొదట్లోనే కుప్ప పోసి, అంటును పూడ్చేస్తారు. కింది వేరుమూలం తెగులును కొంత తట్టుకుంటుంది, పైన కట్టిన బత్తాయి తట్టుకోదు. పైభాగం మట్టిలో కూరుకుపోయాక వేరుమూలం ఎంత మంచిదైనా లాభం లేదు.

ఆ తర్వాత పాదు. మానుకు ఆనుకుని నీళ్లు నిలవకూడదు. చుట్టూ అడుగున్నర, రెండడుగుల వరకు మట్టిని కొద్దిగా ఎత్తు చేసి, అంటు మాత్రం మునగకుండా, దాని అవతల గాడి తీసి నీళ్లు పారించాలి. దీన్నే డబుల్ రింగ్ పాదు అంటారు. డ్రిప్ ఉన్నవాళ్లు ఒకసారి డ్రిప్పర్లు ఎక్కడున్నాయో చూసుకోండి. మొక్క నాటిన రోజు మొదట్లో పెట్టిన డ్రిప్పర్ చెట్టు ఎనిమిదేళ్లదైనా అక్కడే చుక్కలు వేస్తుంటుంది. పైపును కొమ్మల నీడ అంచుకు జరపండి, పైసా ఖర్చు లేదు.

మా వైపు ఇంకో తంటా ఉంది. పాకాల చెరువు ఆయకట్టు కింద, కాలువ నీళ్లు వచ్చే ఊళ్లలో చెలకలు కూడా మడులయ్యాయి. పక్క మడిలో నెలల తరబడి నీళ్లు నిలిస్తే తోటలోకి జాలు పడుతుంది. పైన నేల ఆరినట్టే కనిపిస్తుంది, అడుగున్నర తవ్వితే ఊట. ఇలాంటి చోట మందు పని ఇవ్వదు. మడికీ తోటకూ మధ్య రెండు, మూడడుగుల లోతు కాలువ తీసి నీళ్లను వాగులోకి వదలాలి. పక్క రైతుతో మాట్లాడాల్సి వస్తుంది, టెన్షనే. అయినా చెట్లు పోయాక గొడవ పడడం కన్నా ముందే మాట్లాడుకోవడం నయం.

నీటి సంగతి తేలాక మందు. చచ్చిన బెరడును, దాని చుట్టూ వేలెడు బతికిన బెరడుతో సహా గీకి, గాయానికి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద, చేసే తీరు కింద చెప్పాను) పూయాలి. గీకిన పెచ్చులు పాదులో పడకుండా కింద గోనెసంచి పరిచి, తోట బయట కాల్చేయండి. తెగులు ఎక్కువగా ఉంటే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు రెండున్నర గ్రాముల చొప్పున మొదలు చుట్టూ నేల తడిచేలా పోయొచ్చు. ఫోసెటైల్ అల్యూమినియం ఆకుల మీద కొట్టినా వేళ్ల దాకా దిగుతుంది, లీటరుకు రెండున్నర గ్రాములు. కానీ దాన్ని రాగి మందులతో కలపొద్దు, ఆకులు మాడతాయి. బెరడు చుట్టుకొలతలో సగానికి మించి చచ్చిపోయి ఉంటే ఆ చెట్టు మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. తీసేసి ఆ గుంతను ఎండకు వదలండి.

మాను మధ్యలో బంక: మామిడి పురుగు

రంపపు పొట్టు కనిపిస్తే మామిడిలో అది కాండం తొలిచే పురుగు. పొడవాటి మీసాల పెంకు పురుగు బెరడు నెర్రెల్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోయి, చూపుడు వేలంత లావెక్కి, నెలల తరబడి అక్కడే తింటుంది. రంధ్రం దగ్గర బంక, పొట్టు కలిసిన ముద్ద, కింద నేల మీద పొట్టు కుప్ప గుర్తులు.

ఆ ముద్దను తీసేసి, రంధ్రంలోకి పాత సైకిల్ చువ్వ కొస వంచి దూర్చండి. మెత్తగా తగిలిన చోట తిప్పి లాగితే పురుగు వచ్చేస్తుంది, లేదా చువ్వకు తడి అంటుతుంది. తర్వాత పెట్రోల్‌లో ముంచిన దూది లోపలికి నెట్టి, తడి బంకమట్టితో మూయండి. దగ్గర్లో బీడీ వెలిగించొద్దని నేను ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది. వారానికి మళ్లీ చూస్తే కొత్త పొట్టు రాలకూడదు. పాత పుస్తకాల్లో, కరపత్రాల్లో ఇక్కడ డైక్లోరోవాస్ రాసి ఉంటుంది. ఆ మందు మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి బంద్. ఎవరైనా పాత సీసా ఇస్తే తీసుకోకండి.

కొమ్మ చివర ఎండి, ఆకులు గోధుమ రంగులో ముడుచుకుని రాలకుండా వేలాడుతూ, కింద బంక చుక్కలు ఉంటే ఎండుకొమ్మ తెగులు. లాసియోడిప్లోడియా అనే శిలీంధ్రం దీనికి మూలం. నీళ్లెద్దడితో, ఎండదెబ్బతో నీరసపడిన చెట్టునే ఎక్కువ పట్టుకుంటుంది. ఎండిన చోటి నుంచి మూడు, నాలుగు అంగుళాలు కిందికి పచ్చి భాగంలో కోసి, కోసిన చోట పేస్ట్ పూసి, చెట్టంతా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కొట్టండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు రంపాన్ని స్పిరిట్ గుడ్డతో తుడవండి.

నిప్పు సెగ గురించి రెండు మాటలు. కోత మిషన్ పోయాక వరి కొయ్యలకు అగ్గి పెడతారు. గట్టు మీది మామిడికి మంట అంటకపోయినా ఆ వైపు బెరడు ఉడికిపోతుంది, వారాలు గడిచాక పగిలి బంక కారుతుంది. వెంటనే చెక్కొద్దు. చచ్చిందేదో బతికిందేదో హద్దు తేలేవరకు ఆగి, అప్పుడు ఎండిన బెరడు తీసి పేస్ట్ పూయండి. కొమ్మలు బాగా నరికాక ఎండ నేరుగా తగిలిన మానుకూ ఇదే జరుగుతుంది, మన మే నెల ఎండలు తెలిసినవే కదా. అలాంటి మానుకు సున్నం కొడితే చాలు. ట్రాక్టర్ నాగలి తగిలిన గాయాలు, కంచె తీగ బెరడులోకి దిగిన చోట్లు, బోర్డులకు కొట్టిన మేకులు చెప్పక్కర్లేదు.

పేస్ట్ ఇంట్లోనే చేసుకోండి

కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో గుల్ల సున్నం, పది లీటర్ల నీళ్లు. నాలుగైదు చెట్లే ఉంటే వంద గ్రాములు, వంద గ్రాములు, లీటరు.

మైలుతుత్తాన్ని దంచి పలుచని గుడ్డలో మూటకట్టి, సగం నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్‌లో పైభాగాన తగిలేలా రాత్రి వేలాడదీయండి. అడుగున పడేస్తే పొద్దుటికి కూడా గడ్డగానే ఉంటుంది. పైన వేలాడితే కరిగిన నీలం దానంతటదే కిందికి దిగుతుంది. ఇనుప బకెట్, రేకు డబ్బా వాడొద్దు, రాగి వాటికి పట్టుకుంటుంది. ఇంకో బకెట్‌లో సున్నం మీద కొంచెం కొంచెంగా నీళ్లు చల్లండి. బుసబుసా పొంగుతుంది, ముఖం దూరంగా పెట్టండి, పిల్లల్ని రానీయొద్దు. చల్లారాక మిగతా సగం నీళ్లు కలిపి గుడ్డలో వడకట్టండి. ఆ తర్వాత రెండింటినీ ఒకేసారి మూడో బకెట్‌లోకి పోస్తూ కర్రతో కలపాలి. ఆకాశం రంగులో చిక్కటి ముద్ద వస్తుంది.

పూసే ముందు పరీక్ష. రుద్ది తళతళలాడేలా చేసిన కొడవలి కొసను నిమిషం పాటు ముంచి తీయండి. ఎర్రటి పూత అంటితే రాగి ఇంకా విడిగా ఉన్నట్టు, అలాగే పూస్తే బెరడు కాలుతుంది. సున్నపు నీళ్లు ఇంకొంచెం పోసి మళ్లీ ముంచండి. కొడవలి మెరుపు తగ్గకుండా వస్తే సరిపోయింది. ఆ రోజే వాడేయాలి, మిగిలితే మర్నాటికి పనికిరాదు. గాయానికే కాదు, నేల నుంచి రెండు, మూడడుగుల వరకు మాను చుట్టూ పూయండి. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక అక్టోబరులో మరోసారి. చేతులకు గ్లవ్స్ ఉండాలి.

ఫ్రాన్స్‌లో బోర్డో వైపు రైతులు దారిన పోయేవాళ్లు ద్రాక్ష కోయకుండా తీగల మీద ఈ నీలం నీళ్లు చల్లేవాళ్లట. అలా చల్లిన తీగలకు బూజు తెగులు రాలేదని మిల్లార్డె అనే ప్రొఫెసర్ గమనించి 1885లో ప్రకటించాడు. అప్పటి సరుకే, ఇప్పటికీ ఇంతకన్నా చవకైన మందు నా అల్మారాలో లేదు.

ఇంత చేసినా కొత్త చెట్లకు బంక పాకుతుంటే నా దగ్గరికి కాదు, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికో, మండల ఉద్యాన అధికారి దగ్గరికో వెళ్లండి. ఫోన్‌లోనే అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. ఉద్యాన విశ్వవిద్యాలయం ములుగులో ఉందని విని ఇటు సమ్మక్క జాతర ములుగుకు బయల్దేరేవాళ్లున్నారు, అది సిద్దిపేట జిల్లా ములుగు. నమూనాగా బంక ముద్ద తీసుకెళ్లొద్దు. చచ్చిన బెరడు, బతికిన బెరడు కలిసే హద్దు దగ్గర రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి కాగితంలో చుట్టండి. చెట్టు కింద సన్నటి పీచు వేళ్లతో పాటు దోసెడు మట్టి తీసి ప్లాస్టిక్ కవర్లో కట్టండి. ఆ మట్టిని ఆరబెట్టొద్దు, బండి డిక్కీలో ఎండకు వదలొద్దు. ఫైటోఫ్తోరా ఎండితే పరీక్షలో దొరకదు కాబట్టి అదే రోజు చేర్చండి.