కొబ్బరితోటలో జానపద జాతర: ముందు చూసుకోవాల్సినవి

మా కోనసీమలో పాటల జాతర పెట్టాలంటే సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యాక, సంక్రాంతి దగ్గర్లో పెట్టుకోండి. చేలల్లో దాళ్వాకి (రెండో పంట వరికి) నీళ్లు పెట్టేస్తారు కాబట్టి జాగా కొబ్బరితోటలోనే దొరుకుతుంది. అక్కడ మొదటి పని స్టేజీ కాదు, దింపు. ముందురోజే మనిషిని చెట్టెక్కించి ముదురు కాయలు, ఎండు మట్టలు దింపించేయండి. నెత్తిన కాయ పడే టెన్షన్‌తో ఎవరు కూర్చుంటారు?

డప్పులవాళ్లకి షామియానాకి దూరంగా ఎండుగడ్డి మంట వేసుకునే చోటు చూపించండి, పక్కన రెండు బకెట్ల నీళ్లుంచండి. మంచుకి తోలు చెమ్మపట్టి వదులైపోతుంది. మంట దగ్గర కాస్తేనే మళ్లీ ఖంగున మోగుతుంది. ఫైబర్ డప్పులకి ఈ బాధ లేదు గానీ, నా చెవికి అవి ఆనవు.

బుర్రకథకి ఒక్క స్టాండు మైకుతో సరిపెట్టకండి. కథకుడు తంబురా మీటుతూ స్టేజీ అంతా కలియదిరుగుతాడు, అతనికి కాలర్ మైకు కావాలి. గుమ్మెటలు వాయించే వంతలిద్దరికీ చెరొకటి. నెత్తిన గరగ (అలంకరించిన కుండ) పెట్టుకుని ఆడే గరగలవాళ్లకి మాత్రం స్టేజీ కన్నా నేలే మేలు.

రాత్రి 10 దాటితే మైకు ఆపాలి. అందుకని పోలీసు పర్మిషన్ ముందే తీసుకుని, పొద్దుగూకగానే మొదలెట్టండి. కళాకారులకి భోజనం ఆటకి ముందే తేలిగ్గా పెట్టండి. డబ్బులు వాళ్లు ఆటో ఎక్కేలోపు ఇచ్చేయండి, "రేపు ఫోన్‌పే చేస్తాం" అనకండి.