తాటివనం ఫొటోలో కుంచె గీతలు పడాలంటే

ఫొటోను పెయింటింగ్‌లా మార్చే ఫిల్టర్లు ఫోన్లలో బోలెడున్నాయి. అవి ఆకుకూ రాయికీ ఒకే రకం గీత గీస్తాయి. పెద్దది చేసి చూస్తే బండారం బయటపడుతుంది. గీత కెమెరాలోనే పడాలి. అంటే షట్టర్ తెరిచి ఉన్నంతసేపు కెమెరాను కావాలని కదపాలి. అందుకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సరుకుకు కొదవలేదు. నిలువు గీతలకు తాటిచెట్లు, అడ్డగీతలకు చెరువు కట్టలు, యాసంగి నాట్ల ముందు నీళ్లు నిలిచిన మడులు.

సెట్టింగులు ఇవి: ఐఎస్‌వో (వెలుతురును పట్టే చురుకు) 100, ఎపర్చర్ (లెన్సు రంధ్రం) బాగా చిన్నదిగా ఎఫ్/16, రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫొటో), షట్టర్ అర సెకను దగ్గర. ఎర్రటి ఎండలో ఎఫ్/16కు సెకనులో వందో వంతు చాలు. అర సెకను పెడితే ఫొటో సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. లెన్సు ముందు ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) బిగిస్తే వెలుతురు 64వ వంతుకు తగ్గి, షట్టర్ 0.6 సెకన్లకు వస్తుంది. ఫిల్టర్ లేదా, పొద్దుగూకాక పది నిమిషాలు ఆగండి. చాలా ఫోన్లలో ఎపర్చర్ తగ్గించలేం కాబట్టి ప్రో మోడ్‌లో ఐఎస్‌వో 50 పెట్టి దాదాపు అరగంట ఆగాలి.

చెట్టు మొదలు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి. చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్‌ను ఆపేయాలి. మీరు కదుపుతుంటే అది ఆపాలని చూస్తుంది, గీతలో వంకర్లు పడతాయి.

ఇక చేతి కదలిక సంగతి. ముగ్గు గీత లాగేటప్పుడు చెయ్యి ఆగినచోట పిండి ముద్దగా పడుతుంది కదా, ఇక్కడా అంతే. కదలిక మొదలయ్యాకే బటన్ నొక్కాలి, షట్టర్ మూసుకున్నాక కూడా చెయ్యి సాగుతూనే ఉండాలి. అయితే తాటితలకు మాత్రం ఆ ముద్దే కావాలి! మొదటినుంచీ కదిపితే మొదళ్లు నిలుస్తాయి గానీ మట్టలు పొగలా కరిగిపోయి, అవి తాళ్లో కరెంటు స్తంభాలో తెలియదు. అందుకే 0.6 సెకన్లలో సగం సేపు కదలకుండా పట్టుకుని, మిగతా సగంలో లెన్సును కిందికి వంచండి. మట్టల ఆకారం నిలిచి, దాని పైన కుంచె ఎత్తినట్టు ఒక చార లేస్తుంది. లెన్సును పైకి లేపితే మాత్రం ఆకాశపు వెలుగు దిగొచ్చి సన్నటి మొదళ్లను తినేస్తుంది. తల కదలిక ఫ్రేము ఎత్తులో నాలుగో వంతు దాటితే బొమ్మ గంజి అయిపోతుంది. వాలిన చెట్టయితే వాలు వెంటే కదపాలి.

పానగల్ ఉదయసముద్రం, కోయిల్‌సాగర్ లాంటి నీళ్ల దగ్గర నడుము తిప్పుతూ అడ్డంగా లాగండి. గట్టు మీది స్తంభాలు కరిగిపోతాయి, అది లాభమే. తీగలు మాత్రం కదలిక వెంటే సాగేవి గనక చెక్కుచెదరవు. అవి పడని చోటు ముందే వెతుక్కోవాలి.

బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు పూసిన బీళ్లకు ఈ లాగుడు పనికిరాదు, పూలన్నీ ఒక పట్టీ అయిపోతాయి. మామూలు షట్టర్‌తోనే, ప్రతిసారీ కెమెరాను వేలెడంత జరుపుతూ పది ఫొటోలు తీసి, ఎడిటింగ్‌లో లేయర్లుగా పేర్చండి. అడుగు లేయర్ ఒపాసిటీ (కిందిదాన్ని ఎంత కప్పేస్తుందో ఆ లెక్క) 100 శాతం, దాని పైది 50, ఆపైన 33, 25, 20... పదోది 10. అన్నింటికీ 50 పెట్టడం అందరూ చేసే తప్పు; పై ఫొటో ఒక్కటే సగం వాటా లాక్కుంటుంది, అడుగువి జాడ లేకుండా పోతాయి. లెక్క కుదిరితే గునుగు వెండి గులాబీ చుక్కలుగా, తంగేడు పసుపు అద్దకంగా తేలుతుంది.

చివరి మెరుగుల్లో షార్పెనింగ్ వద్దు. టెక్స్చర్ (సన్నటి గరుకును పెంచి తగ్గించే స్లైడర్) మైనస్ 20 నుంచి 30 చాలు. ప్రింటు మ్యాట్ కాగితం మీదే వేయించండి, నిగనిగలాడే కాగితం ఫొటో అని చెప్పేస్తుంది.

మన ఎర్రదుబ్బ సంగతి మరవకండి. ఎఫ్/16లో సెన్సర్ మీది ప్రతి రేణువూ చుక్కగా కనబడుతుంది. దృశ్యం కదులుతుంది గానీ రేణువు కెమెరాతోపాటే ఉంటుంది కాబట్టి, మెత్తటి చారల మధ్య ఆ చుక్క మరీ కొట్టొచ్చినట్టుంటుంది. లెన్సు మార్చాలంటే కారు అద్దాలు ఎక్కించుకుని మార్చండి. కాంట్రాస్ట్ పెంచకముందే, ఆకాశాన్ని 100 శాతం జూమ్‌లో చూస్తూ చుక్కలు తుడిచేయండి.