హైడల్‌బర్గ్‌లో ఒక శనివారం: ఊరూ చూడాలి, జర్మనూ మాట్లాడాలి

ముందే చెప్తున్నా, జర్మన్ నేర్చుకునేవాళ్లకి హైడల్‌బర్గ్ కాస్త చిక్కు ఊరు. టూరిస్టులు ఎక్కువ. మనం నోరు తెరిచి రెండు మాటలు తడబడేలోపే కౌంటర్‌లో వాళ్లు ఇంగ్లీషులోకి దిగిపోతారు. నేను ఉండేది పక్కనే మన్‌హైమ్‌లో, చదివేది జర్మన్‌లో బీ1 (మధ్యస్థ స్థాయి). క్లాసులో ఎవరు హైడల్‌బర్గ్ వెళ్తున్నా దారి నన్నే అడుగుతారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

శనివారమే వెళ్లండి. ఆదివారం షాపులు మూసేస్తారు. షాపు లేకపోతే మాట్లాడే అవకాశాలు సగం పోయినట్టే. డోయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే (2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు) ఎస్-బాన్ అనే లోకల్ రైలుకి వేరే ఖర్చు లేదు. ఐసీఈ అనే హైస్పీడ్ రైల్లో మాత్రం అది చెల్లదు. చాలామంది హైడల్‌బర్గ్ మెయిన్ స్టేషన్‌లో దిగిపోతారు, అక్కడినుంచి పాత ఊరు దూరం. మీరు ఎస్-బాన్‌లో ఎస్1 గానీ ఎస్2 గానీ ఎక్కి ఆల్ట్‌స్టాట్ (పాత ఊరు) స్టేషన్ దాకా వెళ్లండి. ఊరికి తూర్పు చివర దిగుతారు. కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే కోట ఎక్కేసి, తర్వాత నింపాదిగా పడమటికి నడుచుకుంటూ రావచ్చు.

కోటకి కోర్న్‌మార్క్ట్ అనే కూడలి నుంచి కొండ రైలు ఉంది, మెట్లూ ఉన్నాయి. కోట టికెట్‌లో రైలు ఛార్జీ కలిసే ఉంటుంది. టికెట్ కౌంటర్ దగ్గర "ఐన్మాల్ ఎర్మేసిగ్ట్, బిట్టె" (రాయితీ టికెట్ ఒకటి ఇవ్వండి) అని స్టూడెంట్ కార్డు చూపించండి, రాయితీ ఇస్తారు. భాషా స్కూలు ఇచ్చే కార్డు అన్నిచోట్లా చెల్లదు, అడిగి చూడండి. ఆ అడగడమే ప్రాక్టీసు. వాళ్లు ఇంగ్లీషులో జవాబిస్తే కంగారు పడొద్దు. నవ్వుతూ "ఇష్ లెర్నె డోయిచ్, బిట్టె లాంగ్జామ్" (జర్మన్ నేర్చుకుంటున్నా, కాస్త నెమ్మదిగా) అనండి. చాలామంది వెంటనే జర్మన్‌లోకి వచ్చేస్తారు, నెమ్మదిగా కూడా మాట్లాడతారు. వెనకాల పెద్ద క్యూ ఉంటే మాత్రం ఆ ప్రయోగం వద్దు.

1689లో, 1693లో ఫ్రెంచి సైన్యం ఈ కోటని పేల్చేసింది. బాగుచేసుకుంటుంటే 1764లో పిడుగు పడింది. అందుకే సగం శిథిలంగానే ఉండిపోయింది. లోపల 1751 నాటి చెక్క పీపా ఉంది, దాదాపు 2,20,000 లీటర్ల వైన్ పడుతుందట. దాని ఎదురుగా పెర్కేయో అనే మరుగుజ్జు విదూషకుడి బొమ్మ. జీవితమంతా వైనే తాగాడని, ఓసారి నీళ్లు తాగి చచ్చిపోయాడని కథ చెప్తారు. బోర్డులన్నీ ముందు జర్మన్‌లో చదవండి. తెలియని మాటకి ఫోను తీయకుండా పేరా పూర్తి చేసి, అప్పుడు ఇంగ్లీషు చూసుకోండి. పీపా బోర్డు ముందు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ సగం అంకెలే.

కిందికి దిగాక బేకరీలో బ్రెట్సెల్ (ముడివేసినట్టుండే ఉప్పు బ్రెడ్) కొనుక్కోండి. నీళ్ల బాటిల్ పారేయకండి. ప్లాస్టిక్ బాటిల్‌కి 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే తిరిగొస్తాయి.

ఇక నా అభిప్రాయంలో కోట కంటే బాగుండేది ఒకటుంది: విద్యార్థుల జైలు. ఇక్కడి యూనివర్సిటీ 1386లో పెట్టింది, తన విద్యార్థులని తానే శిక్షించేది. రాత్రిళ్లు గోల చేసినందుకో, తాగి తిరిగినందుకో కుర్రాళ్లని ఈ జైల్లో కొన్నాళ్లు పెట్టేవాళ్లు. 1914 వరకూ నడిచింది. గోడలనిండా వాళ్ల బొమ్మలు, పేర్లు, కవిత్వాలు. పాత లిపిలో ఉన్నవి సరిగా అర్థంకావు. పక్కన ఎవరైనా పెద్దావిడ కనిపిస్తే ఇదేమిటని అడగండి, ఆవిడకీ చదవడం కష్టమే, ఇద్దరూ కలిసి కూడబలుక్కోవచ్చు. అసలు మాట్లాడటానికి పెద్దవాళ్లే మేలు, తొందరపడరు. వెళ్లేముందు వేళలు చూసుకోండి.

పాత వంతెన దగ్గర కంచు కోతి ఉంటుంది. చేతిలో అద్దం తాకితే డబ్బు, వేళ్లు తాకితే మళ్లీ ఈ ఊరికి రావడం, పక్కనున్న ఎలుకల్ని తాకితే పిల్లలు అని ఇక్కడివాళ్ల నమ్మకం. ఏది తాకుతున్నారో చూసుకుని తాకండి. వంతెన దాటి ష్లాంగన్‌వేగ్ అనే నిటారు దారిలో ఎక్కితే ఫిలోసోఫన్‌వేగ్ అనే కొండ మీది నడకదారి. అక్కడినుంచి కోట, నది, ఊరు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఎక్కడం బాగా ఆయాసం, నీళ్లు అప్పటికి మిగుల్చుకోండి.

దిగేటప్పుడు పడమటివైపు నోయెన్‌హైమ్ అనే పేటలోకి దిగండి. 1907లో కవి ముహమ్మద్ ఇక్బాల్ జర్మన్ నేర్చుకోవడానికి ఈ ఊరే వచ్చాడు. ఆయన పేరుతో నది పక్కన ఒక రోడ్డు కూడా ఉంది. మనకంటే వందేళ్లు ముందు ఇక్కడ జర్మన్ వ్యాకరణంతో కుస్తీ పట్టినవాడన్నమాట. అక్కడినుంచి థియోడోర్ హోయస్ వంతెన దాటితే బిస్మార్క్‌ప్లాట్స్ అనే కూడలి, అక్కడ మెయిన్ స్టేషన్‌కి ట్రామ్ దొరుకుతుంది. మన్‌హైమ్ రైళ్లు తరచూ ఉంటాయి కాబట్టి టైమ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. బాటిల్ డిపాజిట్ మాత్రం సూపర్‌మార్కెట్ మూసేలోపు తీసుకోండి.