మిగ్‌-21 మోడల్‌కు రంగు, వార్నిష్ ఎలా వేయాలి?

ఒడిశా కొరాపుట్ జిల్లాలోని మా సునాబెడలో, హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కర్మాగారంలో మిగ్‌-21 యుద్ధవిమానాల ఇంజన్లు తయారయ్యాయి. అందుకేనేమో, మా కాలనీలో తెలుగు పిల్లలు నా దగ్గరికి తెచ్చే మొదటి కిట్ (ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మ) దాదాపు ఎప్పుడూ అదే. 2025 సెప్టెంబర్ 26న వాయుసేన ఆ విమానానికి వీడ్కోలు చెప్పాక ఇంకా ఎక్కువమంది తెస్తున్నారు. అతికించడం, రంగు వేయడం చక్కగా చేస్తారు. చివరి వార్నిష్ దగ్గర అంతా పాడుచేసుకుంటారు.

1/72 సైజు (అసలు విమానంలో 72వ వంతు) కిట్ అయితే రెక్కల కొస నుంచి కొసకు 10 సెంటీమీటర్లే. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. కాక్‌పిట్ అద్దానికి టేపు వేయండి. రంగు బాగా పట్టడానికి ముందు బూడిదరంగు ప్రైమర్ పూత, దాని మీద రెండు మూడు పల్చటి కోట్ల రంగు. నీళ్లతో కలిసే యాక్రిలిక్ రంగులే వాడాలి. ఎనామెల్ (నూనె రకం రంగు) గట్టిగా పట్టుకుంటుందని కొందరు చెబుతారు కానీ, అది ఆరేలోగా ఇంట్లో దుమ్మంతా దాని మీదే చేరుతుంది. పైగా సరిగా ఆరని ఎనామెల్ మీద లాకర్ (ఘాటైన ద్రావకంతో వేగంగా ఆరే వార్నిష్) స్ప్రే కొడితే రంగు ముడతలు పడుతుంది.

ఒక రోజు ఆగి గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేయండి. ఇది మానేస్తే గరుకు రంగుకీ, నీళ్లలో తడిపి అతికించే పల్చటి గుర్తు, అంటే డెకాల్‌కీ మధ్య గాలి చిక్కుకుని, వాయుసేన మూడు రంగుల గుండ్రటి గుర్తు చుట్టూ తెల్లగా మెరుస్తుంది. డెకాల్స్ అతికించి రాత్రంతా వదిలేయండి.

ఇక మాట్ (మెరుపు లేని) వార్నిష్. ఇక్కడ తొందర పనికిరాదు. మెరుపును తగ్గించేది అందులో ఉండే మెత్తటి పొడి. అది సీసా అడుగుకు దిగిపోతుంది. కలపకుండా పైది తీస్తే విమానం మెరుస్తూనే ఉంటుంది, అడుగుది తీస్తే తెల్లటి పొర కడుతుంది. పుల్లతో రెండు నిమిషాలు కలపండి. సీసాను ఊపితే బుడగలొస్తాయి. స్ప్రే డబ్బా అయితే మాత్రం బాగా ఊపాల్సిందే.

తర్వాత వాతావరణం చూడాలి. మాది కొండ మీది ఊరు. వానాకాలమంతా చెమ్మ, చలికాలం పొద్దున్నే మంచు. లాకర్ స్ప్రే వేగంగా ఆవిరవుతూ ఆ చోటును చల్లబరుస్తుంది. గాలిలోని తేమ అక్కడ చేరి పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. ఓ ఆగస్టు సాయంత్రం వాన తెరిపిచ్చిందని వరండాలో స్ప్రే చేశాను. మూడు నెలలు కూర్చుని చేసిన విమానం బూజు పట్టినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి పొడిగా ఉన్న రోజున, మధ్యాహ్నం, నీడలో తప్ప మాట్ ముట్టుకోను. మీరూ అంతే చేయండి.

ముందు పాత ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి, ఆరేదాకా చూడండి. డబ్బాను 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, విమానం బయట మొదలుపెట్టి, అవతలి వైపు దాటాకే ఆపండి. చెయ్యి మధ్యలో ఆగకూడదు. తడి మెరుపు కనిపించిందంటే ఎక్కువైనట్టే. అరగంట ఆగి రెండో కోటు. మూడోది వద్దు.

తెల్లబడితే రుద్దకండి. పొడి రోజున పల్చగా గ్లాసీ కోటు వేస్తే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. అది ఆరాక మళ్లీ మాట్. వెండి రంగు వేసిన విమానానికి మాత్రం మాట్ అసలు వద్దు, లోహపు కళ పోతుంది.

అద్దం మీది టేపును మర్నాడే తీయండి, ఒక మూల నుంచి మెల్లగా.